దోషి చలి కాదు, చెమ్మ

చలికాలం వచ్చిందంటే బక్‌వీట్ పొట్టు దిండు అటకెక్కాల్సిందే, లేకపోతే తల మంచుగడ్డ మీద పెట్టుకున్నట్టు ఉంటుంది అనే మాట ఈమధ్య మనవాళ్ళలో బాగా నాటుకుపోయింది. టోక్యోలో నిషి-కసాయి చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాల్లోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో మెడనొప్పి తగ్గుతుందని ఈ దిండు కొనుక్కున్నవాళ్ళలోనూ ఇది వినిపిస్తోంది. మాటతో ఆగిపోతే పోనీలే అనుకోవచ్చు. దాని వెంటే సలహాలు పుట్టుకొస్తున్నాయి. దిండును మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు తిప్పమంటారు. హీటర్ ముందు ఆనించమంటారు. చలికాలం గాలి ఎలాగూ పొడిగానే ఉంటుంది కనక ఎండబెట్టే పని లేదంటారు. పురుగు భయం ఉంటే ఫ్రీజర్‌లో పెడితే అలెర్జీతో సహా అన్నీ పోతాయంటారు. ఇవి ఇల్లు కాల్చగల సలహాలు, ఊపిరి ఆడకుండా చేయగల సలహాలు. అందుకే వీటిని ఖండించకుండా ఊరుకోవడం తప్పనిపించి ఇది రాస్తున్నాను.

ముందు ఆ దిండులో ఉన్నదేమిటో చూద్దాం. ఉత్తరాదిలో నవరాత్రి ఉపవాసాలకు తినే కుట్టు పిండి ఏ గింజ నుంచి వస్తుందో, జపాన్‌లో సోబా నూడుల్స్ ఏ గింజతో చేస్తారో, ఆ గింజ మీది పొట్టే ఇది. గోధుమ జాతి కాదు, మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క. పిండి మరలో మిగిలిపోయిన పొట్టును జపాన్, చైనా, కొరియా దేశాల్లో తరతరాలుగా దిండ్లలో నింపుకుంటున్నారు. జపాన్‌లో దీన్ని సోబగారా అంటారు. అక్కడ వడ్ల ఊక నింపిన దిండ్లు కూడా ఉన్నాయి.

ఈ పొట్టును గుప్పెట్లోకి తీసుకుని చూస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. మూడు పలకల గింజ విచ్చుకుని పప్పు బయటికి పోగా మిగిలిన డొల్ల అది. నలుపు కలిసిన గోధుమరంగు. కాగితమంత పలుచన, అయినా వేళ్ళ మధ్య నొక్కితే ముందు వంగుతుంది, గట్టిగా నలిపితేనే విరుగుతుంది. లోపలంతా బోలు. గుప్పెట బిగిస్తే పలకల అంచులు ఒకదానికొకటి పట్టుకుని నిలబడతాయి, వదిలితే గలగలా జారిపోతాయి. దిండు తలకూ మెడకూ తగ్గట్టు ఒదగడానికి, ఒదిగిన ఆకారంలో నిలవడానికి కారణం ఈ అంచులే. ప్రతి డొల్లలోనూ, డొల్లకూ డొల్లకూ మధ్యా ఉన్నది గాలి. అసలు చర్చంతా ఆ గాలి గురించే.

కదలకుండా చిక్కుకున్న గాలి వేడిని సులభంగా పోనివ్వదు. ఎండిన పొట్టు కూడా అంతే. ఒకే చల్లని గదిలో ఉన్న స్టీలు చెంబును, చెక్క పీటను ముట్టుకుంటే చెంబు చురుక్కుమంటుంది, పీట అంతగా అనిపించదు. రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే, వేడిని లాగేసుకునే వేగంలోనే తేడా. బక్‌వీట్ పొట్టు పీట వైపుకు చెందింది. మరి పడుకోగానే చల్లగా ఎందుకు తగులుతుంది? బరువు వల్ల. పాలిస్టర్ దూది దిండు ఒక కిలో కూడా ఉండదు. పొట్టు దిండు చిన్నదైతే రెండు కిలోలు, పెద్దదైతే నాలుగు కిలోల దాకా తూగుతుంది. పది డిగ్రీల గదిలో పగలంతా పడి ఉంటే అంత బరువూ పది డిగ్రీలకు దిగుతుంది. దాన్ని చెంప వేడికి తేవడానికి తల మరికాస్త వేడి ఇచ్చుకోవాలి. మొదట్లో అనిపించే చలి ఇదే, అది నిజమే. తల కింద ఉన్న పొట్టు వేడెక్కాక మాత్రం ఆ వేడి అంత త్వరగా పోదు. పక్కకు తిరిగినప్పుడు పక్కనున్న చల్లటి పొట్టు జారి చెంప కిందికి వస్తుంది కనక మళ్ళీ కాసేపు చల్లగా అనిపిస్తుంది. ఫిర్యాదు చేసేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళకు తగిలింది గది చలి, నేరం మోపింది దిండు మీద.

గది సంగతి ఎందుకంటున్నానంటే, జపాన్‌లో చలి ఇళ్ళ విషయం తెలియకుండా ఈ దిండు గురించి తీర్పు చెప్పలేం. బయట మంచు కురిసే హొక్కైదోలో ఇళ్ళు గోడలు మందంగా, కిటికీలు రెండు పొరలుగా కట్టుకుని ఇల్లంతా వెచ్చగా ఉంచుకుంటారు. దక్షిణానికి వచ్చే కొద్దీ, టోక్యోలోనైనా క్యూషూలోనైనా, పాత ఇళ్ళలో కూర్చున్న గది ఒక్కటే వేడి చేసుకుంటారు. పడకగది వదిలేస్తారు. ఇళ్ళలో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆ ఇళ్ళ పడకగదులు జనవరి తెల్లవారుజామున దానికి చాలా కింద ఉంటాయి. వెచ్చని ఇంట్లో ఇరవై డిగ్రీల గదిలో ఉన్న పొట్టు దిండు ఇరవై డిగ్రీలే ఉంటుంది, పదింటికి దిగిన గదిలోది పది. ఆ దిండును అటక మీద పెట్టి వేరే దిండు తెచ్చుకున్నంత మాత్రాన గది వెచ్చబడదు. ముక్కుతో పీల్చే గాలి అదే, దుప్పటి బయట ఉన్న తల అదే.

దీనికి ఎదురుపక్షం కూడా ఒకటి ఉంది, దాన్నీ వదిలిపెట్టను. తల చల్లగా, కాళ్ళు వెచ్చగా ఉంటే ఆరోగ్యమని తూర్పు దేశాల్లో పాత మాట ఒకటుంది. దిండు అమ్మేవాళ్ళు దాన్ని పట్టుకుని చలికాలంలో తల చల్లబడటం వైద్యమన్నట్టు చెబుతారు. వేసవి రాత్రి చెమట పట్టని దిండు సుఖమే, ఒప్పుకుంటాను. జనవరిలో డెబ్భై ఏళ్ళ మనిషి తల వణకడం వైద్యం కాదు. చల్లగా ఉంటే వెచ్చ చేసుకోవాలి. ఎలా చేసుకోవాలన్నదే ప్రశ్న.

జవాబు చాలా చిన్నది. పలుచటి నూలు గలీబు తీసేసి మందపాటి ఫ్లానెల్ గలీబు తొడగండి, లేదా గలీబు కింద ఒక తువ్వాలు మడిచి చుట్టండి. చెంపకు తగిలేది గుడ్డే కదా. పడుకోవడానికి అరగంట ముందు దిండును రజాయి లోపలికి తోసేయండి. వేడినీళ్ళ సీసా వాడే ఇంట్లో ఆ సీసా పక్కనే పెట్టండి, మూత బిగుతుగా ఉందో లేదో చూసుకుని. పగలంతా దిండును వేడి చేయని గదిలో వదిలేయకుండా, కూర్చునే గదిలో ఒక కుర్చీలో ఉంచితే అంతకన్నా సులువు. ఇంకో సంగతి చాలామంది గమనించరు: దిండు ఎత్తు ఎక్కువైతే భుజాల దగ్గర రజాయి పైకి లేచి సందు పడుతుంది, చల్లగాలి మెడలోకి దిగుతుంది. అప్పుడు కూడా జనం దిండు చల్లగా ఉందనే అంటారు. జిప్పు తీసి రెండు మూడు గుప్పెళ్ళ పొట్టు బయటికి తీయండి. భుజం పరుపుకు ఆనాలి, మెడ వంపు మాత్రం నిండాలి. తీసిన పొట్టును పొడి డబ్బాలో దాచుకుంటే తరవాత పనికొస్తుంది.

ఇక మైక్రోవేవ్ సంగతి. ఇక్కడ నా గొంతు కాస్త పెరిగితే క్షమించమని అడగను.

మైక్రోవేవ్ ముఖ్యంగా నీటిని వేడి చేస్తుంది. ఎండిన పొట్టులో ఉన్నదే కొద్దిపాటి తేమ. మొదటిసారి వేడి చేసినప్పుడు ఆ తేమలో కొంత ఆవిరైపోతుంది. రెండోసారికి పొట్టు మరింత ఎండి ఉంటుంది. ఇలా వేడి చేస్తూ పోతే ఆఖరికి మాడటానికి సిద్ధంగా ఉన్న ఎండు చెత్త మిగులుతుంది. దిండు పెద్దది కనక లోపలి పళ్ళెం తిరగదు, కిరణాలు ఒకే చోట తగులుతాయి. ఒక మూల చల్లగా, మరో మూల కాలిపోయేంత వేడిగా తయారవుతుంది. పొట్టు వేడిని పోనివ్వదని పైన చెప్పాను కదా, ఆ గుణమే ఇక్కడ శత్రువు. నడుమ ఎక్కడో ఒక ముద్ద నిప్పులా కాగుతున్నా చేతికి పైన గోరువెచ్చగానే తగులుతుంది. ఆ దిండును తెచ్చి పరుపు మీద పెట్టి, పైన రజాయి కప్పి, తల ఆనించి నిద్రపోతారు. వేడి బయటికి పోయే దారి పూర్తిగా మూసేసినట్టే. జిప్పు లోహానిదైతే రవ్వలు లేవడం అదనం.

ఇదంతా ఊహించి భయపెడుతున్నది కాదు. బ్రిటన్‌లో గోధుమలు నింపిన చిన్న సంచులను మైక్రోవేవ్‌లో వేడి చేసి నొప్పులకు కాపడం పెట్టుకునే అలవాటు ఉంది. వాటిని పదేపదే వేడి చేసి పక్కలో పెట్టుకోవడం వల్ల మంటలు లేచాయి, ప్రాణాలు కూడా పోయాయి. అగ్నిమాపక శాఖలు వాటిని పక్క వెచ్చ చేయడానికి వాడొద్దని హెచ్చరించాయి. మైక్రోవేవ్ సంచులకంటూ ప్రత్యేక ప్రమాణం పెట్టుకున్న దేశం అది. అరకిలో సంచికే అంత జాగ్రత్త అవసరమైతే, మూడు కిలోల దిండును అందులో కుక్కమనే సలహా ఎక్కణ్ణుంచి వచ్చింది? కాపడం కోసమే తయారుచేసి, ఎన్ని నిమిషాలు వేడి చేయాలో చీటీ కుట్టి అమ్మే చిన్న సంచులు వేరు. ఆ చీటీలో ఉన్నట్టే వాడుకోండి, కూర్చుని వాడుకోండి. తల కింద పెట్టుకునే దిండుకు మైక్రోవేవ్, ఓవెన్ రెండూ పనికిరావు.

హీటర్ ముందు ఆనించడం కూడా ఇంతే. పరుపు, దుప్పటి గది వేడి చేసే స్టవ్‌కు తాకి అంటుకోవడం జపాన్ చలికాలపు అగ్నిప్రమాదాల్లో ఎప్పుడూ ఉండేదే. విద్యుత్ వేడి ప్యాడ్‌ను దిండు కింద పెట్టేవాళ్ళు మరో ప్రమాదం తెచ్చుకుంటున్నారు. బరువైన, వేడిని ఆపేసే మూట ఒకటి ప్యాడ్ మీద కూర్చుంటే ఆ వేడంతా ప్యాడ్‌లోనే పేరుకుంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా మర్యాదగా కనిపించే తప్పు దగ్గరికి వద్దాం: చలికాలం గాలి పొడిగా ఉంటుంది కనక దిండును ఎండబెట్టక్కర్లేదు.

ఈ మాట అమెరికాలో కొంతవరకు చెల్లుతుంది. అక్కడి ఇళ్ళలో గ్యాస్ ఫర్నేస్ మండిన పొగ, ఆవిరి గొట్టం గుండా బయటికి పోతాయి, ఇంట్లోకి వేడి మాత్రమే వస్తుంది. బయటి చల్లగాలిలో ఉన్న తేమే తక్కువ, అది లోపల వేడెక్కితే పెదవులు పగిలేంత పొడిగా మారుతుంది. అలాంటి ఇంట్లో పొట్టు దానంతటదే ఆరిపోతుంది. తేమ యాభై శాతం కన్నా తగ్గి చాలా రోజులు అలాగే ఉంటే దుమ్ములో బతికే సన్నటి మైట్లు కూడా నశిస్తాయి. కానీ ఆ ఇళ్ళలోనే మంచం పక్కన, తలకు మూరెడు దూరంలో హ్యూమిడిఫైయర్ పెట్టుకుని రాత్రంతా ఆవిరి వదులుతారు. ఆ చెమ్మ ముందు చేరేది దిండులోకే.

జపాన్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ చాలా ఇళ్ళలో ఇప్పటికీ పొగగొట్టం లేని కిరోసిన్ స్టవ్‌లు, ఫ్యాన్ హీటర్లు వాడతారు. కిరోసిన్ మండితే వేడితో పాటు నీరు పుడుతుంది. లీటరు కిరోసిన్‌కు సుమారు లీటరు నీరు, ఆవిరి రూపంలో నేరుగా గదిలోకే వస్తుంది. తతామీ అంటే నేల మీద పరిచే గడ్డి చాప, ఆరు తతామీల గది అంటే ఇంచుమించు 10 చదరపు మీటర్లు. కప్పు ఎత్తు 2.4 మీటర్లు అనుకుంటే 24 ఘనపు మీటర్ల గాలి. ఇరవై డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 17 గ్రాముల నీటి ఆవిరి పట్టుకోగలదు. గది మొత్తానికి సుమారు నాలుగొందల గ్రాములే. ఒక సాయంత్రం ఒక్క లీటరు కిరోసిన్ కాలిస్తే గది మోయగలిగినదానికి రెట్టింపు పైచిలుకు నీరు అందులో చేరుతుంది. దానికి వంటింటి ఆవిరి, లోపల ఆరేసిన బట్టలు, నిద్రపోతున్న మనుషుల ఊపిరి, చెమట తోడు. స్టవ్ ఆపేసి పడుకుంటారు. గది చల్లబడే కొద్దీ గాలి పట్టుకోగలిగేది తగ్గిపోతుంది. సున్నా డిగ్రీల గాలి ఐదు గ్రాములు కూడా పట్టుకోలేదు. మిగిలిన నీరు ఎటు పోతుంది? పొద్దున్నే కిటికీ అద్దాల మీద ధారలుగా కారుతున్నది అదే. అద్దం మీద కారేది కంటికి కనిపిస్తుంది. గోడవారగా ఉన్న పరుపులోకి, తతామీలోకి, దిండులోకి దిగినది కనిపించదు.

దిండు విషయంలో మరో కారణం కూడా ఉంది. తల ఉన్నవైపు వెచ్చన, చాప వైపు చల్లన. తల నుంచి దిగిన చెమట ఆవిరి పొట్టు సందుల గుండా కిందికి జారి, అడుగున చల్లగా ఉన్న పొట్టు దగ్గర ఆగిపోతుంది. పొద్దున లేచి గలీబు పైన చెయ్యి పెట్టి పొడిగానే ఉందనుకుంటారు. దిండు తిరగేసి అడుగున చెయ్యి పెట్టి చూడండి. చలికాలంలో బూజు అక్కడే మొదలవుతుంది. వేసవిలో చెమట పట్టి దిండు తడిసిందని మనకే తెలుస్తుంది కనక ఎండలో వేస్తాం. శీతాకాలంలో తడి కనిపించకుండా చేరుతుంది కనక ఊరుకుంటాం. అందుకే నా దృష్టిలో ఈ దిండుకు సంరక్షణ ఎక్కువ కావలసింది చలికాలంలోనే.

ఆ చలికాలమే ఎండబెట్టుకునే అవకాశం కూడా ఇస్తుంది. టోక్యో, నాగోయా, ఒసాకా వైపు జనవరి ఆకాశం తేటగా ఉంటుంది. బయట ఐదు డిగ్రీలు, తేమ యాభై శాతం అనుకోండి. ఆ గాలిలో ఘనపు మీటరుకు మూడున్నర గ్రాముల లోపే నీరుంటుంది. చల్లగా ఉన్నా అది పొడిగాలే. ఎండ పడి పొట్టు కాస్త వెచ్చబడిందంటే ఆ గాలి దాని తేమను లాగేసుకుంటుంది. చలిలో ఎండబెడితే ఏం ఆరుతుంది అనేవాళ్ళు ఉష్ణోగ్రతను చూస్తున్నారు, తేమను చూడటం లేదు.

పొద్దున పదింటి తరవాత, వసారాలో ఎండ బాగా పడుతున్నప్పుడు, ఉతికిన పాత దుప్పటి పరిచి, దిండు జిప్పు తీసి పొట్టంతా దాని మీద పోయండి. దిండును మూటగానే ఎండలో పెట్టడం కూడా పనికొస్తుంది గానీ, నెలకోసారైనా పొట్టు బయటికి రావాలి. వేలెడు మందానికి మించకుండా పరచాలి. గంటకోసారి చేత్తో కలియబెట్టండి. మొదట కలిపినప్పుడు వచ్చే శబ్దం మందంగా, బద్ధకంగా ఉంటుంది. ఆరిన పొట్టు గలగలమంటుంది, చేతికి అంటుకోదు. ఆ శబ్దం తేడా చెవికి తెలిసిపోయిందంటే ఇక ఏ పరికరం అక్కర్లేదు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఎత్తేయాలి, ఎండ వాలితే బయటి చెమ్మ మళ్ళీ పడుతుంది. ఎత్తేముందు సన్నటి జల్లెడలో పోసి ఆడించండి. చేట ఉన్నవాళ్ళు చెరగండి, చెరగడం తెలిసిన చేతికి అంతకన్నా మంచి పద్ధతి లేదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవొద్దు. విరిగిన పొట్టు పొడి, దుమ్ము కిందికి దిగుతాయి. ఆ పొడిని పారేయాలి. గలీబు, లోపలి సంచి ఉతికి పూర్తిగా ఆరాకే తిరిగి నింపాలి.

నీగాతా, కనజావా లాంటి జపాన్ సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఈ సలహా నేరుగా పనికిరాదు. అక్కడ చలికాలమంతా మబ్బు, మంచు. బయట పెడితే తడిసి వస్తుంది. ఇంట్లోనే, కిరోసిన్ స్టవ్ లేని గదిలో, డీహ్యూమిడిఫైయర్ పెట్టి పొట్టును పరచుకోవాలి. ఏ ఊరివాళ్ళైనా పొద్దున లేవగానే దిండును బీరువాలోకి తోసేయకుండా, గోడకు నిలబెట్టి కాసేపు గాలి తగలనివ్వాలి. కిటికీ పది నిమిషాలు తీయడం చలికి కష్టంగానే ఉంటుంది. అయినా తీయాలి.

ఫ్రీజర్ వాదంలో సగం సత్యం ఉంది. సగం సత్యంతోనే మోసపోవడం సులువు. ఇంటి ఫ్రీజర్ −18 డిగ్రీల్లో కొన్ని రోజులు ఉంచితే మైట్లు, పొట్టులో చేరిన చిన్న పురుగులు చస్తాయి. అయితే అలెర్జీ తెప్పించేది మైట్ల మలంలోనూ, కళేబరాల్లోనూ ఉండే ప్రొటీన్. చలికి అది చెక్కుచెదరదు. జల్లించకుండా, గలీబు ఉతక్కుండా ఫ్రీజర్‌ను నమ్ముకున్నవాళ్ళ ఉబ్బసం తగ్గదు. ఇక మంచుగడ్డలా ఉన్న దిండును సంచి లేకుండా బయటికి తీస్తే గది ఆవిరంతా దాని మీద నీరుగా దిగుతుంది. పెట్టాల్సి వస్తే ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెట్టండి, తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి. రాత్రి వసారాలో మంచుకు వదిలేస్తే చాలదా అని అడిగేవాళ్ళున్నారు. టోక్యో రాత్రి సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు కిందికి దిగితే ఏ పురుగూ చావదు, దిండు మాత్రం తడుస్తుంది.

పొట్టును నీళ్ళలో ఉతకొచ్చా అన్నదానికి ఒక్కటే మాట: వద్దు. చలికాలంలో అసలే వద్దు. నానిన పొట్టు మెత్తబడి నలిగిపోతుంది, ఆరడానికి పట్టే రోజుల్లో ముక్కిపోతుంది.

చివరికి అందరూ దాటవేసే విషయం. ప్రకృతిసిద్ధమైనది కనక అలెర్జీ ఉండదు అని ఈ దిండ్ల గురించి ధైర్యంగా చెప్పేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. బక్‌వీట్ అలెర్జీ ఎంత తీవ్రమైనదో, దాన్ని విరివిగా తినే జపాన్‌కు తెలుసు. 2001లో అక్కడ ఆహార పొట్లాల మీద అలెర్జీ పదార్థాల పేర్లు తప్పనిసరి చేసినప్పుడు గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగలతో పాటు బక్‌వీట్‌ను కూడా మొదటి ఐదింటిలో చేర్చారు. తిన్నప్పుడే కాదు, పొట్టుకు అంటుకున్న పిండి దుమ్మును రాత్రంతా పీల్చడం వల్ల ఉబ్బసం వచ్చినవాళ్ళ వివరాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. చలికాలంలో కిటికీలు మూసి ఉంటాయి, దుమ్ము బయటికి పోదు, ముక్కు దిండుకు ఆనుకునే ఉంటుంది. మన తెలుగు ఇళ్ళలో ఈ గింజ తినే అలవాటు లేదు. కాబట్టి నాకు ఎప్పుడూ పడకపోలేదు అనే మాటకు విలువ లేదు, తిననివాళ్ళకు పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఎవరికైనా రాత్రి దగ్గు, పిల్లికూతలు, కళ్ళ దురద, ఒంటి మీద దద్దుర్లు ఈ దిండు వచ్చాకే మొదలైతే చలిగాలిని నిందించడం మానేసి దిండును ఇంట్లోంచి తీసేయండి. డాక్టరుకు చూపించండి, దిండులో ఏముందో చెప్పండి. పడదని తేలితే ఏ ఎండబెట్టడమూ, ఏ జల్లెడా ఆ మనిషికి దాన్ని సురక్షితం చేయలేవు. ఇంటికి చుట్టాలు వస్తే అడగకుండా వాళ్ళ పక్కలో ఈ దిండు వేయడం కూడా తప్పే.

పసిపిల్లల సంగతి విడిగా చెప్పాలి. తల గుండ్రంగా రావాలని మన ఇళ్ళలో ఆవాల దిండు వేసే ఆచారం ఉంది. విదేశాల్లో ఆవాల దిండు దొరక్క దాని బదులు బక్‌వీట్ దిండు వేస్తున్నవాళ్ళు ఉన్నారు, చలికి వెచ్చగా ఉంటుందన్న మాట కూడా కలుపుతున్నారు. ఏడాది నిండని బిడ్డ పడుకునే చోట ఏ దిండూ ఉండకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం స్పష్టంగా చెబుతోంది. పొట్టు కదిలి మొహం మీదికి జరగొచ్చు, సంచి కుట్టు ఊడితే డొల్లలు నోట్లోకి పోవచ్చు. అమ్మమ్మ ప్రేమతో కుట్టించినదైనా సరే, పసిబిడ్డ పక్కలోంచి తీసేయాలి.

ఇంత ఖరీదు పెట్టి కొన్న దిండును పారేయమంటారా అని అడుగుతారు. ఖరీదంతా గలీబుకు, కుట్టుకు, పేరుకు. పొట్టు చవక. ఎండబెట్టాక కూడా ముక్క వాసన వదలకపోయినా, నల్లటి పొట్టు మీద బూడిదరంగు చుక్కలు కనిపించినా, జల్లెడలో సగానికి సగం పొడిగా దిగిపోయినా ఆ పొట్టుకు కాలం తీరినట్టే. సంచి ఉతికి ఉంచుకుని కొత్త పొట్టు కిలోల లెక్కన తెచ్చి నింపుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో పెన్ యాన్ ఊళ్ళో 1797 నుంచి నడుస్తున్న బిర్కెట్ మిల్స్ పొట్టును దిండ్లకూ అమ్ముతుంది, తోటల్లో మొక్కల మొదళ్ళ చుట్టూ పరచడానికీ అమ్ముతుంది. బూజు పట్టని పాత పొట్టును మీ గులాబీ కుండీల్లో అలాగే వేసుకోండి. బూజు పట్టినదాన్ని మాత్రం సంచిలో మూతి కట్టి చెత్తలో వేయండి, ఇంట్లో దులపకండి.